బ్లాంక్ సీసాలో నీళ్ళు

బ్లాంక్ సీసాలు మా అక్క ఇంటి మెట్ల మీద పగిలాయి. పొద్దున్న ఐదున్నర. చేతుల్లో ఐసు పెట్టె, భుజాన బ్యాగు, నోట్లో టూత్‌బ్రష్. మూడింట్లో ఏదో ఒకటి వదిలెయ్యక తప్పదని నా మెదడు తేల్చుకుని, ఆలోచించి మరీ పెట్టెని వదిలేసింది.

తెరిచి చూశాను. ఖాళీ సీసాలు ముప్ఫై ఆరూ క్షేమం. నీళ్ళున్నవి రెండే రెండు. ఆ రెండే ముక్కలయ్యాయి.

మా పని గురించి ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. నేల కింద మట్టిలోకీ నీళ్ళలోకీ దిగిపోయిన రసాయనాల్ని వెతికి, శుభ్రం చేసే కంపెనీలో నేను పని చేస్తాను. సైటులో తవ్విన బావుల్లోంచి నీళ్ళు తోడి, బొటనవేలంత గాజు సీసాల్లో గాలిబుడగ లేకుండా నింపి, ల్యాబుకి పంపుతాం. వాటితో పాటు ఇంకో సీసా ప్రయాణం చేస్తుంది. ల్యాబువాళ్ళే శుద్ధమైన నీళ్ళు పోసి మూత బిగించిస్తారు. సైటుకి వస్తుంది, ఎవరూ మూత తియ్యరు, తిరిగి ల్యాబుకి పోతుంది. దాన్నే బ్లాంక్ అంటాం. అది చేసే పని ఏమీ లేదు. పేకాటలో చెయ్యి వెయ్యకుండా పక్కన కూర్చుని చూసే పెద్దమనిషి లాంటిది. కానీ పరీక్షలో దాని నీళ్ళలో ఏదైనా కనపడిందా, దారిలోనే ఎక్కడో మురికి అంటుకుందని లెక్క. ఆ రోజు పట్టిన సీసాలన్నీ చెత్తబుట్టలోకే.

ల్యాబు తొమ్మిదింటికి తెరుస్తారు. వ్యాను ఆరింటికి వస్తుంది. నేను వంటింట్లోకి వెళ్ళి రెండు ఖాళీ సీసాల్లో కుళాయి నీళ్ళు పట్టాను. సన్నటి ధార, అంచుదాకా, తలకిందులు చేసి వేలితో తట్టి, బుడగ లేదని చూసుకుని మరీ. పని మాత్రం శిక్షణలో నేర్పినట్టే చేశాను. అక్క ఈ ఇల్లు కొనేముందు, రెండేళ్ళ క్రితం, బోరు నీళ్ళు నేనే పరీక్ష చేయించాను. వాటిలో ఏ రసాయనమూ లేదు. నీళ్ళు నీళ్ళేగా అనుకున్నాను. మా వృత్తిలో ఆ మాట పైకి అన్నవాళ్ళని పనిలోంచి పీకేస్తారు. పీకెయ్యాలి కూడా.

"ఏంటే ఆ చప్పుడు?" అక్క చంటిదాన్ని చంకనేసుకుని వచ్చింది. తొమ్మిది నెలల పిల్ల. ఆకారాన్ని బట్టి మేం బుడంకాయ అంటాం.

"సీసా పగిలింది."

"ముందు చీపురు పట్టుకో. పాకే పిల్లుంది ఇంట్లో. నీ పరిశోధనలు తర్వాత." అక్క పాలసీసాలో కొలత చెంచాతో పొడి వేసి, నీళ్ళు పోసి, మూత పెట్టి గిలకొట్టింది. "ఇదిగో, ఇది చూడు. ఈ గౌను కొని పది రోజులు కాలేదు. తెల్లది. ఇప్పుడు చూడు, టీలో ముంచి తీసినట్టు!"

"సబ్బు మార్చు."

"మూడు సబ్బులు మార్చాను. అంత చదువు చదివావు, ఒక్క గౌను తెల్లగా చెయ్యడం చేతకాదు."

"నేను నేలని ఉతుకుతానక్కా, గౌన్లు కాదు."

"ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఊరికే అన్నారా!"

బుడంకాయ రెండు చేతులా సీసా పట్టుకుని, లోకంతో పనిలేనట్టు తాగుతోంది. బయట వ్యాను హారన్ మోగింది.

*

సైటు అంటే మూతబడ్డ డ్రై క్లీనింగ్ ఫ్యాక్టరీ. ముప్ఫై ఏళ్ళపాటు హోటళ్ళ దుప్పట్లూ కోట్లూ ఉతికారు. నీళ్ళతో కాదు, పెర్క్ అనే ద్రావకంతో. మిగిలిన మడ్డిని వెనక గోడ పక్కన పారబోశారు. పెర్క్ నీళ్ళ కన్నా బరువు. పైన తేలదు. మట్టిలోంచి జారి జారి నీళ్ళ అడుక్కి పోయి కూర్చుంటుంది. తవ్వి తియ్యలేం, తోడి అయిపోగొట్టలేం.

అందుకని దాన్ని తినేవాళ్ళని పోషించాం. నేలలో కొన్ని బ్యాక్టీరియాలుంటాయి. కడుపునిండా తీపి పెట్టి, గాలి అందకుండా చేస్తే అవి పెర్క్‌ని కొరుకుతాయి. పెర్క్‌కి నాలుగు క్లోరిన్లు. ఒక్కోటే కొరుకుతూ నాలుగుని మూడు, మూడుని రెండు, రెండుని ఒకటి చేస్తాయి. చివరిదీ కొరికేస్తే ఇక ఎవరికీ హాని లేని గ్యాసు. పదకొండు నెలల క్రితం పంపుల నిండా మొలాసిస్, అదే, చక్కెర మిల్లులో మిగిలే నల్ల పాకం, ఒత్తిడి పెట్టి నేలలోకి దించాం. పంపు పక్కన నిలబడి మీటలు చూసుకున్నది నేనే. నెలరోజులు నా జుట్టు చూసి చీమలు దండు కట్టాయి.

ఈ పద్ధతిలో ఒక్కటే భయం. ఒక్క క్లోరిన్ మిగిలిన దశలో బ్యాక్టీరియా ఆగిపోతే అది వినైల్ క్లోరైడ్. మాలో మేం ఒంటిగాడు అంటాం. నలుగురు అన్నదమ్ముల్లో చిన్నవాడు, ముగ్గురూ కలిసి చెయ్యలేని చెడ్డపని వీడొక్కడే చేస్తాడు. రుచి ఉండదు, రంగు ఉండదు. లివరుకి క్యాన్సర్ తెస్తాడు, అదీ తొందర లేకుండా, ఇరవై ముప్ఫై ఏళ్ళకి.

మా బావుల్లో మాత్రం ఒంటిగాడు లేడు. మూడు క్వార్టర్లు, అంటే తొమ్మిది నెలలు, వరసగా అంకెలు పడిపోయాయి. ఈ నాలుగోది కూడా శుభ్రంగా వస్తే సైటు మూసేసినట్టు సర్టిఫికెట్. మా బావులన్నీ ఫ్యాక్టరీకి కిందవైపు, కాలవ దిక్కున ఉన్నాయి. నేల కింది నీళ్ళు అటే ప్రవహిస్తాయని మ్యాపులో నీలిబాణం ఉంది. అక్క వాళ్ళ వీధి ఎగువన. అటు ఒక్క బావీ లేదు. బాణానికి వెనకవైపు ఎవరూ చూడరు.

"ఏంటి బాబాయ్, ఇవాళ కోటు?" అన్నాను వ్యాను ఎక్కుతూ. డ్రైవర్ బాబాయ్ కోటు వేసుకోలేదు. సీటు వెనక, ఐసు పెట్టె పక్కనే, ప్లాస్టిక్ కవరులో వేలాడదీశాడు.

"సాయంత్రం వియ్యంకుడొస్తున్నాడమ్మా. డ్రై క్లీనింగ్‌కి ఇచ్చి తెప్పించా. వేసుకుంటే నలుగుతుందని మోసుకు తిరుగుతున్నా."

"వియ్యంకుడి ముందే వేసుకుంటావా, లేక అక్కడా చేత్తో పట్టుకుని చూపిస్తావా?"

"నీకేం పిపెట్టమ్మా, నీకు వియ్యంకుళ్ళు లేరు." పిపెట్ అంటే ల్యాబులో చుక్కలు కొలిచే సన్నటి గాజు గొట్టం, ఆఫీసులో నాకు పెట్టిన పేరు.

ఆ రోజు పన్నెండు బావులు. ముప్ఫై నాలుగు సీసాలు. మా వంటింటి నీళ్ళ సీసాలు రెండూ పెట్టె మూలన అమాయకంగా కూర్చున్నాయి.

*

నాలుగో రోజు సార్ నన్నూ డ్రైవర్ బాబాయ్‌నీ పిలిచారు. సార్ అంటే మా మేనేజరు. ఎప్పుడూ గొంతు పెంచరు. తిట్టాల్సి వస్తే గొంతు ఇంకా తగ్గిస్తారు. ఆ రోజు ఆయన మాట వినడానికి మేమిద్దరం కుర్చీలు ముందుకి జరుపుకోవాల్సి వచ్చింది.

"బావులు ముత్యాల్లా ఉన్నాయి. బ్లాంక్‌లో వచ్చింది. ముప్ఫై ఒకటి."

లీటరు నీళ్ళలో అన్ని మైక్రోగ్రాములని లెక్క. మా పరిమితి రెండు.

"బ్లాంక్ అంటే నీళ్ళు కాదు తల్లీ, సాక్షి. సాక్షి చెడితే కేసు కొట్టేస్తారు. బావులు ఎంత బాగుంటే ఏం లాభం?" ఆయన డ్రైవర్ బాబాయ్ వైపు తిరిగారు. "ఆ రోజు వ్యానులో కోటు పెట్టావటగా."

"పెట్టానండీ. డ్రై క్లీనింగ్ సైటుకి పోయే బండిలో డ్రై క్లీనింగ్ కోటు పెడితే తప్పా?"

"తప్పు కాదు. కారణం."

కాగితం అప్పటికే టైపు అయి ఉంది. వాహనంలో ఉంచిన వస్త్రం నుంచి కాలుష్యం. సిబ్బంది నిర్లక్ష్యం. మళ్ళీ శాంపిళ్ళు పడతాం. కింద సంతకాలకి బాబాయ్‌కి ఒక గీత, నాకొక గీత. బాబాయ్ ముఖం గోడకి కొట్టిన సున్నంలా పాలిపోయింది. ఆయనకి రిటైర్మెంటు ఇంకో ఏడాది.

నేను ఆ క్షణంలో ఏమనుకున్నానో చెప్తే మీరు నన్ను మెచ్చుకోరు. అమ్మయ్య, కుళాయి సంగతి బయటపడలేదు అనుకున్నాను.

"చదువుకుని సంతకం పెడతాను సార్" అని కాగితం పట్టుకుని బయటికొచ్చాను. వరండాలో నిలబడి ల్యాబ్ మేడమ్‌కి ఫోన్ చేశాను. మేడమ్ ఇరవై ఏళ్ళుగా అదే యంత్రం ముందు కూర్చుంటున్నారు. మనుషుల కన్నా దాంతోనే ఎక్కువ మాట్లాడతారు.

"మేడమ్, బ్లాంక్‌లో వచ్చిన ముప్ఫై ఒకటి పెర్కేనా?"

"పెర్క్ అని ఎవరన్నారు? పెర్క్ సున్నా. ముప్ఫై ఒకటీ ఒంటిగాడు. పక్కన రెండు క్లోరిన్లది తొమ్మిది."

"కోటు నుంచి..."

"కోటు నుంచి ఒంటిగాడు రావాలంటే ఆ కోటుని ఏడాది పాటు నీ మొలాసిస్‌లో ఊరేసి భూమిలో పాతిపెట్టాలి. కోటు కాదు, గాలీ కాదు. ఇవి నేల కింది నీళ్ళు పిపెట్. రెండు సీసాల్లోనూ ఒకే అంకె. ఏ బోరువో నువ్వే చెప్పాలి నాకు."

ఫోన్ చేతిలో ఉండగానే మెట్లు దిగుతున్నాను. మూడో మెట్టు దగ్గర లెక్క మొదలైంది, నేను ఆపినా ఆగలేదు. నాలుగు రోజులు. రోజుకి ఆరు పాలసీసాలు. దానికి ముందు ఎన్ని రోజులు?

*

ఇంటికి వెళ్ళేసరికి పన్నెండున్నర. బాత్రూం తలుపు మూసి ఉంది. లోపల్నుంచి బుడంకాయ కేరింతలు, నీళ్ళు చరుస్తున్న చప్పుడు. చలిగాలి తగలకుండా అక్క తలుపూ కిటికీ మూసి, వేడినీళ్ళు తొట్టెలో పోసి స్నానం చేయిస్తుంది. ఒంటిగాడు వేడినీళ్ళలో నిలవడు. ఆవిరితో పాటు లేచి గదంతా నిండుతాడు.

తలుపు తోసి, పిల్లని తడిదాన్ని తడిగానే ఎత్తుకుని హాల్లోకి పరిగెత్తాను.

"ఏమే! పిచ్చి పట్టిందా నీకు? జలుబు చేస్తుందే దానికి!"

"అక్కా, కుళాయి కట్టెయ్. ఈ నీళ్ళు వాడకూడదు."

తువ్వాలుతో వెనకే వచ్చిన అక్క నా ముఖం చూసి ఆగిపోయింది. చెప్పాను. మెట్ల మీద పగిలిన సీసాలు, ముప్ఫై ఒకటి, సైటులో దించిన పాకం, అన్నీ.

"ఫిల్టర్ ఉందిగా."

"ఫిల్టర్లో బొగ్గు లావు వాటిని పట్టుకుంటుంది. ఇది సన్నది. జారిపోతుంది."

"దీని పాలకి మరిగించే వాడతాను కదే, రోజూ."

"మరిగిస్తే నీళ్ళలోంచి పోతుంది."

"హమ్మయ్య."

"పోయి వంటింట్లో ఉంటుంది అక్కా."

అక్క వంటింటి వైపు చూసింది. స్టవ్ పక్కన చాప, చాప మీద చెంచాలు, డబ్బా మూతలు. అక్క పని చేసుకుంటున్నంతసేపూ బుడంకాయ ఆడుకునే చోటు. కిటికీ మూసే ఉంది.

పెరట్లో తీగ మీద ఆరేసిన బట్టలు హాల్లోకి కనిపిస్తున్నాయి. గౌన్లు, లంగోటీలు, దిండు గలీబులు. అన్నీ అదే రంగు, పలచని తుప్పు రంగు. బ్యాక్టీరియాకి తీపి పెట్టినప్పుడు నీళ్ళలో ఆక్సిజన్ అయిపోతుంది. అయిపోతే మట్టిలో ఉన్న ఇనుము కరిగి నీళ్ళలోకి దిగుతుంది. గాలి తగలగానే తుప్పై బట్టలకి పడుతుంది. మొదటి సెమిస్టర్‌లో చదివాను, మంచి మార్కులు కూడా వచ్చాయి. మా మొలాసిస్ ఎగువకి వచ్చిందని మా అక్క తీగ మీద ఆరేసి నాకు రోజూ చూపిస్తూనే ఉంది. నేను సబ్బు మార్చమన్నాను.

"ఈ రంగు ఎప్పట్నుంచి అక్కా?"

"దీనికి నాలుగు నెలలున్నప్పట్నుంచి." అంటూనే వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఐదో వేలు దగ్గర ఆగింది. "దీనికేమైనా అయిందా?"

"తెలీదు."

"తెలీదంటే? నువ్వు చదివిందే అది కదే!"

"ఇప్పుడేమీ కనపడదు. అదే దాంతో బాధ. ఇవాళే ఆపేస్తే ప్రమాదం అంత తగ్గుతుంది. ఆపకపోతే రోజురోజుకీ పెరుగుతుంది. నాకు తెలిసింది అంతే."

"ఎవరు పోశారు ఆ పాకం?"

బుడంకాయ నా తడిచిన చొక్కా బొత్తాన్ని నోట్లో పెట్టుకోవాలని చూస్తోంది.

"నేనే. పంపు దగ్గర నిలబడింది నేనే."

కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. పిల్లని నా చేతుల్లోంచి తీసుకుని తుడిచింది, మెడ మడతల్లో, చెవుల వెనక, వేళ్ళ సందుల్లో, చాలాసేపు. "కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలే?" అంది చివరికి. "సరే. వీధిలో అందరికీ చెప్పు."

"నా మాట ఎవరు నమ్ముతారు? పరీక్ష కాగితం ఉండాలి. దాని మీద..."

"పక్కింటి బామ్మ మనవడికి నాలుగేళ్ళు. ఆ సంగతి నీ కాగితానికి చెప్పు."

*

సార్‌కి నిలబడే చెప్పాను. ఆయన పెన్సిలు చెక్కుకుంటున్నారు. నేను ముగించేదాకా చెక్కుతూనే ఉన్నారు.

"ఇంకెవరికి చెప్పావు?"

మొదటి ప్రశ్న అది.

"మా అక్కకి."

"మంచిది. అక్కడితో ఆపు." మ్యాపు ముందుకి లాగి, అక్క వాళ్ళ వీధి మీద పెన్సిలు మొన ఆనించారు. ఆయనకి అర్థం కావడానికి నాకు పట్టినంత సేపు పట్టలేదు. "మీ వీధిలో ఇళ్ళెన్ని?"

"ఇరవై రెండు."

"ఇంటికో బోరు, బోరుకో మోటారు. ఒక్క మోటారు ఏం చేస్తుంది? ఇరవై రెండు కలిసి లాగితే నీలిబాణం వెనక్కి తిరుగుతుంది. మనం ఒత్తిడి పెట్టి తోశాం, వాళ్ళు లాగారు. తిలాపాపం తలా పిడికెడు." ఆయన గొంతు ఇంకాస్త తగ్గింది. "కానీ తల్లీ, నువ్వు చెప్తున్న నీళ్ళకి ఫారం లేదు, చిరునామా లేదు, పట్టిన టైం లేదు. పుట్టిన తేదీ లేని నంబరు అది. కాగితం మీద ఉన్నది ఒక పాడైపోయిన బ్లాంక్, ఒక కోటు. సర్టిఫికెట్ రానీ. తర్వాత తీరిగ్గా మీ వీధిలో ఒక బావి వేసి చూద్దాం."

"తీరిగ్గా అంటే ఎప్పుడు సార్?"

"వచ్చే ఏడాది ప్రణాళికలో పెడదాం."

"మా అక్క కూతురు రోజుకి ఆరు సీసాలు తాగుతుంది."

"అక్కా వాళ్ళని రేపే వేరే ఇంటికి మార్చు. మన కంపెనీ క్వార్టర్స్ ఒకటి ఖాళీగా ఉంది. నేను చూసుకుంటా. పిల్ల క్షేమంగా ఉండాలి కదా, ముందు అది." టేబుల్ మీద తాళంచెవి పెట్టారు. నిజంగానే పెట్టారు, సొరుగులోంచి తీసి. పక్కన కోటు కాగితం.

సిగ్గు విడిచి చెప్తాను, తాళంచెవి అందుకున్నాను. ఆ రాత్రికే అక్కనీ పిల్లనీ అక్కడికి పంపేశాను. సంతకం మాత్రం పెట్టలేదు. రేపు అన్నాను.

మర్నాడు తొమ్మిదింటికి ల్యాబు తలుపు దగ్గర నేనే మొదటిదాన్ని. "మేడమ్, బ్లాంక్ ఫారం ఒకసారి ఇస్తారా? దిద్దాలి."

ప్రతి సీసాకీ ఒక ఫారం ఉంటుంది. ఎక్కడి నీళ్ళు, ఎవరు పట్టారు, ఎన్నింటికి, ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి. బ్లాంక్ ఫారంలో మొదటి గడిలో "ల్యాబు నీళ్ళు" అని అచ్చు వేసే ఉంటుంది. పట్టినవాళ్ళు తప్పు రాస్తే దిద్దుకోవచ్చు. మేడమ్ ఫారం ఇచ్చారు కానీ పెన్ను ఇవ్వలేదు.

"దీనిలో తాగే నీళ్ళు అని రాశావంటే ఇక ఇది బ్లాంక్ కాదు. తాగే నీళ్ళలో పరిమితి దాటితే నేను మీ సార్‌ని అడగను. ఆ రోజే నీటి శాఖకి ఫోన్ చెయ్యాలి. అది నా రూలు. నీ ఉద్యోగం పోతుంది, తెలుసా?"

"తెలుసు మేడమ్."

"ఒక్క గీతే కొట్టు. కింద మాట కనపడాలి. రెండు గీతలు కొడితే దాచావంటారు."

ఒక్క గీత కొట్టాను. పైన రాశాను: ఇంటి బోరు, వంటింటి కుళాయి, ఇంటి నంబరు, వీధి, పొద్దున్న ఐదు గంటల నలభై నిమిషాలు. కారణం అన్న చోట "బ్లాంక్ పగిలితే నేనే నింపాను. కోటుకి సంబంధం లేదు" అని రాశాను. సంతకం, తేదీ. మేడమ్ కళ్ళజోడు సర్దుకుని, చదివి, కింద తన సంతకం పెట్టి, ఫోన్ దగ్గరికి లాక్కున్నారు.

డ్రైవర్ బాబాయ్‌కి చెప్పాను. "నా కోటు బతికిపోయిందన్నమాట" అన్నాడు. తర్వాత, "మీ అక్క వాళ్ళు ఆ క్వార్టర్స్‌లో ఎన్నాళ్ళుంటార్లే, మా ఇంటికి తీసుకురా" అన్నాడు.

*

నీటి శాఖ వాళ్ళు మరుసటి పొద్దున్నే వచ్చారు, నేను అనుకున్న దానికన్నా త్వరగా. ఇద్దరు మనుషులు, ఒక మైకు, కట్ట నిండా నోటీసులు. పన్నెండింటికి వీధిలో మోటార్లన్నీ సీలు వేస్తాం, సాయంత్రం ట్యాంకర్ వస్తుంది, బోరు నీళ్ళు దేనికీ వాడకండి అని మైకులో రెండుసార్లు చదివి, గేట్లకి నోటీసులు అంటించి, సీళ్ళు తేవడానికి వెళ్ళిపోయారు.

నేను అక్కతో కలిసి మిగిలిన సామాన్లు సర్దుతున్నాను. చంటిది బాబాయ్ వాళ్ళింట్లో ఉంది. మోటారు చప్పుడు వినపడింది. పక్కింట్లో. తర్వాత ఎదురింట్లో. తర్వాత ఎక్కడెక్కడో, ఒకదాని వెనక ఒకటి, వీధి చివరిదాకా.

బయటికొచ్చాను. బామ్మగారు గేటు ముందు బిందెలు, బకెట్లు, రెండు గంగాళాలు, పిల్లాడి ప్లాస్టిక్ తొట్టె వరసగా పెట్టించి పైపుతో నింపుతున్నారు. మనవడు చెప్పులు లేకుండా ఆ నీళ్ళలో గంతులేస్తున్నాడు.

"తల్లీ, మీ డ్రమ్ము ఖాళీగా ఉందా? ఉంటే ఇలా పడెయ్."

"బామ్మగారూ, ఆపండి! మైకులో విన్లేదా?"

"వినబట్టే కదే! పన్నెండింటికి కట్టేస్తారట. ఈలోగా పట్టుకోకపోతే సాయంత్రం దాకా ఏం చెయ్యను?"

"అవి తాగకూడదండీ."

"తాగనులే. వంటకి."

"వంటకి కూడా పనికిరావు."

"స్నానానికి."

"స్నానం ఇంకా ప్రమాదం, ఆవిరి..."

"ఇక దేనికే పనికొస్తాయి? నలభై ఏళ్ళుగా ఇవే తాగుతున్నా. నాకేం రోగమొచ్చింది? నిన్నటి పిల్లవి, నువ్వొచ్చి నీళ్ళకి వంక పెడతావా?"

నేను మోటార్ల చప్పుడు వినడం మొదలుపెట్టాను. ఏ రోజూ ఇన్ని మోటార్లు ఒకేసారి తిరగవు. ఒకరిది పొద్దున్న, ఒకరిది సాయంత్రం. అలా విడివిడిగా లాగితేనే బాణం వెనక్కి తిరిగింది. ఇప్పుడు మాది తప్ప ఇరవై ఒకటీ కలిసి, గొంతు కలిపినట్టు, ఆపకుండా లాగుతున్నాయి. ఫ్యాక్టరీ కిందా, మా బావులకీ ఈ వీధికీ మధ్య ఎవరూ కొలవని నేల కిందా ఏముందో, ఎంతుందో నాకు తెలీదు. ఎటు కదులుతుందో మాత్రం తెలుసు.

"ఇవన్నీ కట్టేయించాలక్కా. ఇప్పుడే. లాగేకొద్దీ ఇటే వస్తుంది."

అక్క బామ్మగారి గేటు తోసుకుని లోపలికి వెళ్ళి, వరండాలో మోటారు స్విచ్ కట్టేసి, ఫ్యూజు పీకి చేతిలో పట్టుకుంది.

"ఏం పోయేకాలమే నీకు! ఎవరింట్లోకొచ్చి ఎవరి ఫ్యూజు పీకుతున్నావు?"

"నా పిల్ల ఐదు నెలలు తాగింది బామ్మగారూ" అంది అక్క. అంతే అంది. బామ్మగారు పైపు పక్కన పడేసి మనవడి రెక్క పట్టుకుని గట్టు మీదికి లాగారు.

రెండో ఇంట్లో తలుపు తియ్యలేదు. అక్క గోడ మీంచి చెయ్యి పెట్టి స్విచ్ కట్టేసింది. మూడో ఇంటాయన నా గుర్తింపు కార్డు చూపించమన్నాడు. అది ముందురోజు సాయంత్రమే సార్ తీసేసుకున్నారు. ఆయనకి నేను ఇనుము సంగతీ క్లోరిన్ల సంగతీ చెప్తున్నాను. ఆయన నా భుజం మీంచి తన డ్రమ్ము ఎంత నిండిందో చూసుకుంటున్నాడు.

మాట మధ్యలో అక్క నా చెయ్యి పట్టుకుంది. వెనక, రెండో ఇంట్లో, మోటారు మళ్ళీ మొదలైంది.